ఛార్జర్ పెట్టు బాబాయ్

మొన్న మా కాలేజీ లాబ్‌లో ఒక లాప్‌టాప్ మాట్లాడింది. ఈ ఏడు కొత్తగా చేరిన ఒకమ్మాయికి చూపు బాగా తక్కువ. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం ఆ అమ్మాయి కోసం ఎక్కించమన్నారు ప్రిన్సిపాల్ గారు. లాబ్ చూసుకునేది నేనే కాబట్టి ఎక్కించాను. తెలుగు గొంతు పెట్టి, లాప్‌టాప్ ఆ అమ్మాయికిచ్చి, పక్క బల్ల మీద ఇంకో కంప్యూటర్ విప్పుకుని కూర్చున్నాను. కాసేపటికి వెనకనుంచి, జలుబు చేసిన మగమనిషి ముక్కుతో మాట్లాడినట్టు, "బ్యాటరీ తక్కువగా ఉంది" అని వినిపించింది.

"ఛార్జర్ పెట్టు బాబాయ్" అన్నాను తల తిప్పకుండానే.

లాబ్ అంతా నవ్వింది. "బాబాయెవరు సార్?" అనడిగింది ఆ అమ్మాయి. ఎవరూ లేరమ్మా అని ఛార్జర్ గుచ్చి వచ్చాను. ఏడుపు వస్తుందేమో, పిల్లల ముందు బాగుండదని వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. రాలేదు. ఆయన పోయినప్పుడూ రాలేదు. చేతిమీద తల పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కి ఆ చెయ్యి మనది కానట్టు అవుతుంది చూడండి, నాకు ఆయన విషయంలో ఇప్పటికీ అలాగే ఉంది.

బాబాయంటే చుట్టరికమేమీ లేదు. గురజాలలో మేం అద్దెకున్న ఇంటికి పక్కిల్లు ఆయనది. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు ప్రహరీ. మా వీధి చివర నాపరాళ్ళు కోసే మిషన్లున్నాయి. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా దుమ్ము. ఇల్లు ఊడ్చి చేట కింద పెట్టేలోపు మళ్ళీ తెల్లగా పరుచుకుంటుంది. అందుకని మా వీధిలో ఆడవాళ్ళకి ఏ వస్తువు కనపడినా దాని మీద గుడ్డ కప్పడం అలవాటు. పక్కింటి పిన్నికి ఆ అలవాటు అందరికంటే ఒక పిసరు ఎక్కువ. టీవీకి, మిక్సీకి, కుట్టుమిషన్‌కి, చివరికి గోడ గడియారానికి కూడా పాత చీరల ముక్కలతో ముసుగులు కుట్టి పెట్టింది. టైమెంతైందో చూడాలంటే ముసుగెత్తాలి.

బాబాయ్ పిడుగురాళ్ళ వైపు సున్నపురాయి క్వారీలో మేస్త్రీగా చేసేవాడు. రాయికి బెజ్జాలు వేసి మందు కూరినాక, అంటించబోయే ముందు అందరినీ తప్పుకోమని కేకెయ్యడం ఆయన పని. ఈల ఉంది, ఎర్రగుడ్డ ఉంది. కానీ ఈలకి ఎవడూ జడవడని, బాబాయ్ కేకే అసలైన కేకని క్వారీ వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. నేను ఆ కేక అక్కడ వినలేదు. ఇంట్లో విన్నది చాలు. ఆయన వాళ్ళావిణ్ణి మంచినీళ్ళడిగితే మా ఆవిడ గ్లాసు పట్టుకుని లేచేది.

ఆ కేక గురించి ఆయనకొక నియమం ఉండేది. ఒక్కసారే వేస్తాడు. రెండోసారి వెయ్యడు. కొత్తగా చేరిన కూలీలు "మళ్ళీ చెప్పు మేస్త్రీ, వినపళ్ళా" అంటే బూతు తప్ప ఇంకేమీ వచ్చేది కాదట. ఎందుకలాగని ఒకసారి నేనే అడిగాను. "రెండో కేకుందని తెలిస్తే మొదటి కేక్కి ఎవడు కదులుతాడురా" అన్నాడు. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు తక్కువైందని ఒకసారంటాడు. ఏందన్నావని పిన్ని అడిగితే ఇక ఆ పూట ఉప్పు సంగతి ఎత్తడు, అలాగే తినేసి లేస్తాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. నరసరావుపేటలో చదువుకుంటూ, తనతో చదివిన క్రైస్తవ కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంది. అతను బడిలో టీచరు, మంచివాడు. పెళ్ళయ్యాక ఇద్దరూ దండలతోనే ఇంటికొచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. బాబాయ్ లోపల్నుంచి ఒక్క అంగలో వచ్చి, క్వారీలో వేసే గొంతుతో, "నాకు కూతురు లేదు, పో" అని కేకేశాడు. రాళ్ళ మిషన్ల దగ్గరి వాళ్ళు కూడా పని ఆపి చూశారు. మళ్ళీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా ఆ పిల్ల వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఎంతో కాలం కాలేదు, ఆయన గొంతులో పుండు లేచింది. గుంటూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడకింద గాలి పీల్చుకోవడానికి కన్నం పెట్టారు. ఆ కన్నం మీద తడిపిన పల్చటి గుడ్డ కట్టుకుని ఇంటికొచ్చాడు. నోరు కదులుతుంది, మాట రాదు. నవ్వితే భుజాలు మాత్రం కదులుతాయి. వీధిలో వాళ్ళు ఊరుకోరు కదా. కూతుర్ని అన్న మాట ఊరికే పోతుందా, గొంతుకే తగిలిందన్నారు. ఆయనకి వినపడేలాగే అన్నారు.

మాట్లాడడానికి మొదట ఫోన్ చూపించాను. తెలుగులో కొడితే చదివి వినిపిస్తుంది. కానీ రాయి పనిచేసిన వేళ్ళు ఆయనవి. ఒక్క అక్షరం నొక్కబోతే మూడు పడేవి. పైగా ఆ ఫోన్‌లో ఉన్నది ఆడగొంతు. రెండురోజులు చూసి ఫోన్ నా ఒళ్ళో పడేశాడు. అందులో తప్పులతడకగా కొట్టి ఉంది, "ఆడపిల్ల గొంతుతో నేను తిట్టలేను."

అందుకని నా పాత లాప్‌టాప్ ఇచ్చాను. అది బరువు మోయలేని ముసలి మెషీన్ కాబట్టి తేలిగ్గా నడిచే లినక్స్ ఎక్కించాను. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించాను. మగగొంతు దొరికింది, ఇందాక చెప్పానే, అది. ఆ గొంతుకు రాగం లేదు, విరుపు లేదు. తిట్టినా, దీవించినా, కరెంటు పోయిందని చెప్పినా ఒకటే తీరు. బాబాయ్ కుడిచేతి చూపుడు వేలొక్కటే వాడేవాడు. ఒక్కో అక్షరం కోసం కళ్ళు చికిలించి, దవడ బిగించి వెతికేవాడు. చివర్న పెద్ద మీట నొక్కితే మెషీన్ మాట్లాడేది. అంతవరకూ ఎదుటివాళ్ళు నోరు మూసుకుని కూర్చోవాలి. జన్మలో ఎవరి మాటా పూర్తిగా వినని మనిషి కోసం జనం అలా చేతులు కట్టుకుని ఎదురుచూడటం నాకు తమాషాగా ఉండేది.

మొదటి రోజు నన్ను కూర్చోబెట్టి చాలాసేపు కొట్టాడు. చివరికి మెషీన్ అంది, "ఒరేయ్ కంప్యూటరూ. టీ తాగి పో."

ఆ లాప్‌టాప్‌కి ఒక జబ్బుంది. మీట నొక్కి లేపగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో నాలుగైదు ఎర్రర్ లైన్లు పడేవి. కరెంటు, వేడి, బ్యాటరీ, నిద్ర, వీటి సంగతులన్నీ బోర్డు తయారుచేసినవాళ్ళు రాసి ఆ బోర్డులోనే పెడతారు. మెషీన్ లేచేటప్పుడు కెర్నల్ అనే మూల ప్రోగ్రాం దాన్ని చదువుకుంటుంది. రాసినదాంట్లో తప్పుంటే "ఏసీపీఐ ఎర్రర్" అని మొత్తుకుంటుంది, తర్వాత తన పని తాను చేసుకుపోతుంది. చూసేవాళ్ళకి మాత్రం మెషీన్ చచ్చిపోతున్నట్టే ఉంటుంది. బాబాయ్‌కి ఇంగ్లీషు రాదు. ఆ లైన్లమీద వేలుపెట్టి నావైపు చూసేవాడు.

"బోర్డు చేసినోళ్ళు తప్పు రాశారంట బాబాయ్."

"మరి దిద్దరా?" అంది మెషీన్ కాసేపటికి.

"పాత మోడలు. దిద్దేవాళ్ళు మానేశారు."

"మరి ఇదెందుకు అరుస్తా ఉంది?"

"చెప్పటం దాని పని. చెప్పుద్ది. నీకు చిరాగ్గా ఉంటే కనపడకుండా చేస్తా, సెట్టింగుల్లో ఒక్క మాట చేరిస్తే చాలు."

ఆయన తల అడ్డంగా ఊపి కొట్టడం మొదలుపెట్టాడు. ఈలోగా పిన్ని టీ ఇచ్చింది, గ్లాసు ఖాళీ అయింది. అప్పుడు వినిపించింది. "నేను కేకేసినప్పుడల్లా రాయి మీద పడలా. అట్టాగని మానితినా. నోరున్నదాని నోరు మూయమాక." సరేనని ఆ లైన్లు అలాగే వదిలేశాను.

అసలు జబ్బు ఆ లైన్లు కాదు. మూత మూస్తే లాప్‌టాప్ నిద్రపోతుంది, అది మామూలే. తెరిస్తే లేవాలి. ఇది ఒక్కోసారి లేచేది కాదు. తెర నల్లగా, లోపల ఫ్యాన్ తిరుగుతూ, ఏం నొక్కినా పలకదు. బలవంతంగా ఆర్పి మళ్ళీ వెలిగించాలి. అప్పటిదాకా కొట్టింది మొత్తం పోతుంది. "ఏం చెప్పబోయావు బాబాయ్, మళ్ళీ కొట్టు" అంటే ఎడమచేత్తో ఈగను తోలినట్టు గాల్లో ఒక్క ఊపు ఊపేవాడు. అయిపోయింది, పోయింది, ఇక అడగమాక అని దానర్థం.

మూత మూసేది పిన్ని. సగం దుమ్ము కోసం, సగం ఆయన నోటి కోసం. ఆయనకి బావ వరసాయన ఒకడొచ్చి, బొప్పాయాకు రసం తాగితే గొంతు మళ్ళీ మొలుస్తుందని గంటసేపు చెప్పాడు. బాబాయ్ ఓపిగ్గా విని, ఓపిగ్గా కొట్టాడు. "నువ్వు ముందు నీ గొంతు కోయించుకో. తాగు. మొలిస్తే నేనూ తాగుతా." అది అంతటితో ఆగలేదు, ఇంకా కొట్టబోతున్నాడు. పిన్ని వచ్చి టప్పున మూత మూసి, పైన ముసుగు కప్పి, "కాఫీ తాగుతారా అన్నయ్యా" అంది.

"మూత మూసేస్తావేంది పిన్నీ" అన్నాను తర్వాత.

"నీకేం తెలుసురా. గొంతున్నప్పుడు చుట్టపోడు గడప తొక్కలా మా ఇంటికి. ఇప్పుడు దేవుడు మూతున్న నోరిచ్చాడు. మూసుకోనియ్యి నన్ను." నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఆమె ఆయనకి చెప్పిచెప్పి అలిసిపోయిన మనిషి. ఊరు మంచిదైతే నోరు కూడా మంచిదేనని ఆయన వాదన. ముప్పూటలా ఆ ఇంట్లో అదే గొడవ.

ఆదివారాలు నేను వాళ్ళింట్లో నాపరాయి బండల మీద చతికిలబడి ఆ జబ్బు వెతికేవాణ్ణి. మెషీన్ లోపల జరిగిన ప్రతి సంగతీ కెర్నల్ వరసగా రాసి పెట్టుకుంటుంది. చాలామంది చివరి లైను చూసి బుర్ర బద్దలుకొట్టుకుంటారు. చూడాల్సింది మొదటి ఫిర్యాదు. ఏ పరికరం నిద్రలేవనని మొరాయించిందో తెలియాలంటే ఒక్కోదాన్నీ ఆపేసి, నిద్రపుచ్చి, లేపి చూసుకోవాలి. కెమెరా ఆపి చూశాను. బ్లూటూత్ ఆపి చూశాను. బాబాయ్ కుర్చీ నా పక్కనే వేసుకుని కూర్చునేవాడు. మెషీన్ లేస్తే, క్వారీలో అంతా సవ్యంగా ఉందని ఎర్రగుడ్డ దించినట్టు, చెయ్యి పైకెత్తి కిందికి దించేవాడు. లేవకపోతే భుజాలు కదిలేలా నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది. నీ కోసం కదయ్యా ఇదంతా అనబోయి మింగేవాణ్ణి.

చివరికి వైఫై ముక్కను ఆపేస్తే చాలావరకు లేస్తోందని తేలింది. ఆ ఇంట్లో వైఫైతో ఎవరికీ పని లేదు. కానీ చాలావరకు అంటే చాలావరకే. పూర్తిగా పోలేదు. ఆయన మాత్రం మూత మూసినా నిద్రపోకుండా చెయ్యమని పట్టుబట్టాడు. అదీ చేశాను. మర్నాడు ఎవరో పెళ్ళి పిలుపుకొస్తే ఆయన ఏదో కొట్టి మీట నొక్కాడు. పిన్ని మూత మూసింది, ముసుగు కప్పింది. లోపల్నుంచి ఆ గొంతు మిగతా తిట్లన్నీ పూర్తిచేసిందట, ముసుగు కింద. పిలుపుకొచ్చిన వాళ్ళు బొట్టుపెట్టడం మర్చిపోయి వెళ్ళిపోయారు. ఆ ఆనందంలో ఎవరూ ముసుగు తియ్యలేదు. గుడ్డకింద నిద్రపోకుండా పనిచేసిన మెషీన్ వేడెక్కి, హద్దు దాటిందని రాసుకుని తనంతట తానే ఆరిపోయింది. నేను కాలేజీ నుంచి వచ్చేదాకా ఆయనకి మాట లేదు.

నేను వెళ్ళేసరికి మెషీన్ ఒళ్ళో పెట్టుకుని, జ్వరం చూసినట్టు దాని వీపు మీద అరచెయ్యి వేసి కూర్చునున్నాడు. వెలిగించి ఇచ్చాను. "పడుకోనీ. కాలి చావటం కన్నా పడుకోవటం నయం" అన్నాడు. అన్నాడు అంటున్నాను కదా, అప్పటికి నాకా గొంతు ఆయనదే అయిపోయింది. పాత గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలంటే ఆ గుమ్మం ముందు కేక తప్ప ఇంకేదీ వచ్చేది కాదు. మూత మూస్తే నిద్రపోయేలాగే మళ్ళీ మార్చాను.

కూతురు వచ్చింది ఒక సెలవురోజు. మధ్యాహ్నం అన్నం తిని కూర్చుంటే ప్రహరీ మీదనుంచి పిన్ని పిలిచింది. "ఒరే అబ్బాయ్, ఆ పెట్టె లేవట్లా. బిన్నా రా." ఆ గొంతులో తేడా విని చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను.

బాబాయ్ కూతురు, నాకు చెల్లెమ్మ, మంచం అంచున కూర్చునుంది. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని రెండు చేతులతో పట్టుకునుంది. బాబాయ్ ఎదురుగా కుర్చీలో, ముందు స్టూలు మీద మూత తెరిచిన లాప్‌టాప్. తెర నల్లగా ఉంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడం లేదు. పిన్ని నన్ను గుమ్మం దగ్గరే ఆపి గొంతు తగ్గించి చెప్పింది.

"పిల్ల వచ్చి కాళ్ళకి దండం పెట్టింది. ఈయన పలకలా. పెట్టె ముందేసుకుని కొట్టటం మొదలుపెట్టాడు. కొడతన్నాడు, కొడతన్నాడు. అంతసేపు ఎప్పుడూ కొట్టలేదురా. ఆ మొహం చూశావా, దవడ బిగించుకుని, కళ్ళెర్రజేసుకుని... నాకు భయమేసింది. లేక లేక వచ్చింది, దాన్ని మళ్ళీ ఆ మాటంటే ఇంక ఈ జన్మకి రాదు. మూసేశా. తర్వాత ఆయన తెరిస్తే అది లేవలా."

కొట్టేటప్పుడు ఆయన దవడ ఎప్పుడూ అలాగే బిగుసుకుంటుంది. నాకు టీ తాగి పొమ్మని చెప్పడానిక్కూడా ఆ మొహమే పెట్టాడు. ఆమాట అప్పుడు పిన్నితో అనలేదు. అని లాభం లేదు.

ఏదో ఒకటి నొక్కి చూశాను. పెద్దక్షరాల మీట దగ్గరి చిన్న లైటు కూడా వెలగలేదు. అది వెలగలేదంటే లోపల ఎవరూ లేరని. "ఆర్పి వెలిగించాలి బాబాయ్" అన్నాను. అంటే కొట్టింది పోతుందని ఆయనకి తెలుసు. ఒక క్షణం నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు. తర్వాత వదిలేశాడు. మీట నొక్కిపట్టి ఆర్పాను. వెలిగించాను.

ఎర్రర్ లైన్లు వరసగా పడ్డాయి. "అవేంటన్నా, పాడైందా?" అంది చెల్లెమ్మ. లేదమ్మా, ఎప్పుడూ వచ్చేవే అన్నాను. ముసలి మెషీన్, నింపాదిగా లేచింది. నలుగురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. పొయ్యి మీద పాలు పెట్టి కాపలా ఉన్నట్టు ఉన్నాం తప్ప, తండ్రీ కూతుళ్ళు కలిసిన ఇల్లులా లేదు. బయట రాళ్ళ మిషన్ ఆగి ఆగి కోస్తోంది. చెల్లెమ్మ మెల్లిగా ముసుగెత్తి గడియారం చూసి, మళ్ళీ కప్పింది. నరసరావుపేట బస్సుకి టైము దగ్గరపడుతోంది.

మెషీన్ లేచింది. కొట్టుకునే పేజీ తెరిచి ఆయన ముందుకు జరిపాను. బాబాయ్ చూపుడు వేలు మీటల మీద పెట్టాడు. కాసేపు అక్కడే ఉంచాడు. అప్పుడు కొట్టాడు. ఎక్కువ సేపు పట్టలేదు.

"బస్సు టైమైంది. పో."

ఆ గొంతు అన్నీ ఒకలాగే అంటుందని చెప్పాను కదా. పో అన్న ముక్కలో కోపముందో, చీకటి పడకముందే ఇల్లు చేరమన్న జాగ్రత్త ఉందో ఎవరికి తెలుస్తుంది? చెల్లెమ్మ లేచింది. "వెళ్ళొస్తా నాన్నా" అంది. ఆయన తలూపాడు. పిన్ని బస్టాండు దాకా వెళ్ళింది. వాళ్ళు సందు తిరిగేదాకా బాబాయ్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"ఇందాక అంతసేపు ఏం కొట్టావు బాబాయ్?" అనడిగాను. ఎడమచెయ్యి గాల్లో ఊపాడు. మర్నాడు ఇంకోసారి అడిగాను, మళ్ళీ అంతే. పిన్ని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడగడానికి ఆమె భయపడిందని నేననుకుంటాను.

ఆ తర్వాత జబ్బు తిరగబెట్టింది. గుంటూరు తీసుకెళ్ళారు. లాప్‌టాప్ సంచీలో పెట్టి పంపాను, ఛార్జర్ కూడా పెట్టాను. రెండు చేతులకీ సూదులు గుచ్చి కట్టేశారట, సంచీ విప్పే పనే పడలేదు. కూతురు చివరి రోజుల్లో అక్కడే ఉంది. ఆమె పక్కన కూర్చుంటే కళ్ళు తెరిచి చూసేవాడట. చూపుడు వేలు మంచం దుప్పటి మీద కదిలేదని చెప్పింది. అంబులెన్స్‌లో ఇంటికి తెచ్చిన రోజు వీధంతా వచ్చింది, క్వారీ వాళ్ళొచ్చారు, వాళ్ళలో పెద్దవాళ్ళు వెక్కివెక్కి ఏడ్చారు. నేను షామియానా వాడితో మాట్లాడాను. కుర్చీలు వేయించాను. మంచినీళ్ళ డబ్బాలు తెప్పించాను. ఎవరో వచ్చి నన్ను పట్టుకుని ఓదారిస్తే, వాళ్ళని నేనే కూర్చోబెట్టాను.

పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. అల్లుడు సెలవు లేదని పేట వెళ్ళాడు, చెల్లెమ్మ తల్లి దగ్గర ఆగింది. సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే పిలిచింది. లాప్‌టాప్ స్టూలు మీద పెట్టి ఉంది.

"అన్నా, ఆ రోజు నాన్న కొట్టింది దీంట్లో ఎక్కడన్నా ఉంటదా?"

ఉండదని నాకు తెలుసు. అయినా వెలిగించాను. కెర్నల్ రాసుకున్న లైన్లలో ఆ రోజు దాకా వెనక్కి వెళ్ళాను. ఒక్కో లైనూ వేలు పెట్టి చూపిస్తూ తెలుగులో చెప్పాను. మూత మూశారు. నిద్రకు వెళ్తున్నాను. పరికరాలను ఆపుతున్నాను. అంతే, ఆ తర్వాత లేచినట్టు లైను లేదు. దాని కింద, నేను బలవంతంగా వెలిగించినప్పటివి మొదలవుతాయి.

"ఇదేనా? ఆ రోజుదేనా?"

"ఆ రోజుదే."

"మరి నాన్న కొట్టింది?"

"అది దాచకముందే ఆర్పాం కదమ్మా. కరెంటుతో పాటే పోయిద్ది."

"దాని ఏడుపంతా అది రాసుకుంది చూడు" అంది చెల్లెమ్మ. "ఆయనదొక్కటి రాసుకోలా."

పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి ఉందని మేమిద్దరం అప్పుడే చూశాం. ఎప్పట్నుంచి నిలబడిందో తెలియదు. చేతిలో గరిటె ఉంది.

"నేనే మూశానే" అంది. "తిడతాడనుకున్నా. నిన్ను మళ్ళీ అంత మాటా అంటాడేమోనని..."

చెల్లెమ్మ తల్లివైపు తిరిగింది. మొహంలో ఏ మార్పూ లేదు. "తిట్టేవాడేలే అమ్మా. మా నాన్న సంగతి నాకు తెలవదా. మంచి పని చేశావు."

"అంతేనంటావా?"

"అంతే. తిట్టకుండా ఎప్పుడు మాట్లాడాడు కనక."

పిన్ని కాసేపు కూతుర్నే చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అంతేలే" అని గరిటె పట్టుకుని లోపలికి వెళ్ళింది. లోపల గిన్నె మీద మూతపెట్టిన చప్పుడైంది, కుళాయి తిప్పిన చప్పుడైంది.

నీళ్ళ చప్పుడు వినపడేదాకా ఆగి, చెల్లెమ్మ నా వైపు వంగింది.

"అన్నా, మొదటి అక్షరమన్నా తెలవదా?"

తెలియదన్నాను.